అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో స్త్రీవాద థెరపీ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 'కౌన్సెలింగ్' అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఇంటర్ పాసైన పిల్లకి ఇంజనీరింగ్ సీటు ఎక్కడొస్తుందో తేలేది కౌన్సెలింగ్‌లో. టీచర్ల బదిలీలకూ కౌన్సెలింగే. భర్త కొడుతున్నాడని స్టేషన్‌కి వెళ్తే అక్కడ జరిగేదాన్నీ కౌన్సెలింగ్ అనే అంటారు. ఇద్దరినీ కూర్చోబెడతారు. అటు నలుగురు, ఇటు నలుగురు పెద్దలు వస్తారు. 'పిల్లల మొహం చూసి సర్దుకోండి' అంటారు. కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఆమె సాయంత్రం బస్సుకి మళ్లీ ఆ ఇంటికే వెళ్తుంది. తన మనసులో ఉన్నది భయం లేకుండా చెప్పుకునే చోటు అన్న అర్థం ఈ వాడుకల్లో దేనికీ లేదు.

ఇలాంటి చోట ఒక సైకాలజిస్టు గది అద్దెకు తీసుకుని బోర్డు పెడితే, బాధలో ఉన్న ఆడమనిషి ఒక్కర్తే రావడం అరుదు. ఆమెను వెంటబెట్టుకుని అత్తో, అన్నో, భర్తో వస్తారు. 'మా మాట వినట్లేదు, కాస్త చెప్పి పంపండి మేడమ్' అంటారు. ఫీజు కట్టేదీ వాళ్లే. మరి థెరపిస్టు ఎవరి కోసం పని చేస్తున్నట్టు? స్త్రీవాద థెరపీ మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. ఎదురుగా కూర్చున్న ఆమె కోసం అని చెప్పడం తేలికే. ఆ మాట మీద రోజూ, ఒంటరిగా, తెలిసినవాళ్ల మధ్య నిలబడటం చాలా కష్టం. అందుకే ఈ పని చేసేవాళ్లకి తోటివాళ్ల నెట్‌వర్క్ కావాలి. పెద్ద నగరంలో కంటే ఇలాంటి జిల్లాల్లోనే దాని అవసరం ఎక్కువ.

స్త్రీవాద థెరపీ అంటే కాపురాలు విడగొట్టడం అనుకునేవాళ్లు ఉన్నారు. అది పూర్తిగా అపోహ. వచ్చిన మనిషి బాధను ఆమెలోని లోపంగా మాత్రమే చూడకుండా, ఆమె బతుకుతున్న ఇల్లు, డబ్బు, కులం, చాకిరీ, భయం అన్నిటితో కలిపి చూడటం ఆ పద్ధతి. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. థెరపిస్టు అటూ నెట్టదు, ఇటూ నెట్టదు. ఆలోచించుకునే చోటు, సమాచారం, తోడు ఇస్తుంది.

ఈ చూపు ఎందుకు అవసరమైందో 1970లో అమెరికాలో అచ్చైన ఒక పరిశోధన చెబుతుంది. ఇంగే బ్రోవర్మన్, ఆమె సహచరులు 79 మంది మానసిక చికిత్సా నిపుణులను అడిగారు: ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఎలా ఉంటాడు, ఆరోగ్యంగా ఉన్న స్త్రీ ఎలా ఉంటుంది, ఆడా మగా అనకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా ఉంటాడు? మగవాడికీ, మనిషికీ చెప్పిన లక్షణాలు దాదాపు ఒకటే. స్త్రీకి చెప్పినవి వేరు: ఎక్కువ లొంగుబాటు, తక్కువ స్వతంత్రం. జవాబిచ్చినవాళ్లలో ఆడ నిపుణులూ ఉన్నారు. ఆమె అణకువగా ఉంటే పూర్తి మనిషి కాదు, పూర్తి మనిషిగా ఉంటే మంచి ఆడది కాదు అన్నమాట. వైద్యం చేసేవాళ్ల తలలోనే ఈ కొలత ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లిన స్త్రీకి ఏం న్యాయం జరుగుతుంది?

పలాస వైపు చూస్తే సంగతి ఇంకా దగ్గరగా కనబడుతుంది. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. జీడిపిక్క పగలగొట్టేటప్పుడు పైపెంకు నుంచి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ల కొసలు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. అలాంటి చేతులు ఒళ్లో పెట్టుకుని ఒకామె ఆసుపత్రి ఓపీలో కూర్చుందనుకుందాం. ఆమె 'డిప్రెషన్' అనదు. 'గుండె దడ, తల నరాలు లాగేస్తన్నాయి, నిద్ర పట్టదు, తిన్నది అరగదు' అంటుంది. రక్తపరీక్ష, ఈసీజీ అన్నీ నార్మల్. బలానికి మాత్రలు, నిద్రకి మాత్ర రాసి పంపిస్తారు.

స్త్రీవాద థెరపిస్టు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. కూలి డబ్బులు ఎవరి చేతికి వెళ్తాయి? ఇంట్లో ఆఖరున పడుకునేదెవరు, ముందు లేచేదెవరు? దడ ఏ పూట ఎక్కువ? 'ఏడు దాటాక' అందనుకోండి. ఆ వేళకి ఇంట్లో ఏమవుతుందని అడిగితే, ఆయన తాగి వచ్చే వేళ అది అని మెల్లగా బయటికి వస్తుంది. అంటే ఆ దడ ఆమె ఒంటికి తెలిసిన హెచ్చరిక. నిద్రమాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఆ హెచ్చరిక నోరు నొక్కినట్టే. మందు అక్కర్లేదని దీని అర్థం కాదు. డిప్రెషన్ ముదిరినప్పుడు సైకియాట్రిస్టు ఇచ్చే మందే ప్రాణం నిలబెడుతుంది. మందుతో పాటు ఆ ఏడుగంటల సంగతి కూడా ఎవరో ఒకరు వినాలి.

వినేవాళ్లు ఎంతమంది దొరుకుతున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్లు 14 శాతం. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో 23,178 మంది గృహిణులు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు, 0.75 అని అంచనా. ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా నగరాల్లోనే. ఇచ్ఛాపురంలో ఉన్న మనిషికి జిల్లా కేంద్రమే వంద కిలోమీటర్ల పైన. అంతకుమించితే విశాఖ. అక్కడ చినవాల్తేరు పేరెత్తితే 'పిచ్చాసుపత్రి' అన్న భయం ఇప్పటికీ పోలేదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416 నంబరు, ఉచితంగా తెలుగులో పలుకుతుంది కాబట్టి కొంత మేలు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే ఆ నంబరుకి ఎప్పుడు చేయగలదు?

తోటివాళ్లు కలిసి నిలబడటం అన్న ఆలోచనకి అర్ధశతాబ్దం దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో అసోసియేషన్ ఫర్ విమెన్ ఇన్ సైకాలజీ 1969లో ఏర్పడింది. లండన్‌లో సూజీ ఆర్బక్, లూయీస్ ఐకెన్‌బామ్ కలిసి 1976లో విమెన్స్ థెరపీ సెంటర్ పెట్టారు. మన దేశంలో దారి కొంచెం వేరు. ఇక్కడ ఇది క్లినిక్‌లోంచి కాకుండా ఎక్కువగా హింస కేసుల్లోంచి పుట్టింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1984లో ముంబై పోలీసు వ్యవస్థ లోపలే స్త్రీలకు ప్రత్యేక సెల్ మొదలుపెట్టింది. 2000లో ముంబై మునిసిపల్ ఆసుపత్రిలో సేహత్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ తోడ్పాటుతో 'దిలాసా' కేంద్రం వచ్చింది. కాలిన గాయాలతోనో, విషం తాగో వచ్చిన స్త్రీని ఆసుపత్రిలోనే గుర్తించి మాట్లాడటం దాని పద్ధతి. పుణెలో భార్గవీ దావర్ 1999లో పెట్టిన బాపు ట్రస్టు, మానసిక వైద్యం పేరుతో స్త్రీల మీద జరిగే బలవంతాన్నే ప్రశ్నించింది. తెలుగులో చూస్తే 1985 నుంచి హైదరాబాద్‌లో అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం, 2006 నుంచి భూమిక స్త్రీల హెల్ప్‌లైన్ ఈ నేల మీద భాషను తయారుచేశాయి. స్త్రీ బాధను తెలుగులో, తెలుగు ఇంటి లెక్కల్లో వినవచ్చని చూపించాయి.

ఈ చరిత్రలో మన జిల్లాలకు అన్నిటికంటే పనికొచ్చేది ఒక చిన్న అధ్యాయం. అమెరికాలో ఫెమినిస్ట్ థెరపీ ఇన్‌స్టిట్యూట్ అనే థెరపిస్టుల సంఘం 1987లో ఒక నీతి నియమావళి రాసుకుంది. అందులో ఒక భాగం మొత్తం 'అల్లుకుపోయిన సంబంధాల' గురించే. మామూలు వృత్తి నియమం ఏం చెబుతుంది? థెరపీకి వచ్చిన మనిషితో గది బయట ఏ సంబంధమూ ఉండకూడదు. మరి థెరపిస్టూ, ఆమె దగ్గరికి వచ్చే స్త్రీలూ ఒకే ఉద్యమంలో, ఒకే చిన్న సమూహంలో ఉంటే? ఆ నియమావళి దీన్ని దాచిపెట్టకుండా ఒప్పుకుంది. సంబంధాలు అల్లుకుంటాయి, వాటిని ఎప్పటికప్పుడు గమనించుకుని జవాబుదారీగా నడుచుకోవడం థెరపిస్టు బాధ్యత అంది.

శ్రీకాకుళంలో అల్లుకోని సంబంధం ఎక్కడుంది? థెరపిస్టు దగ్గరికి వచ్చిన స్త్రీ భర్త, థెరపిస్టు తమ్ముడికి కాలేజీ స్నేహితుడు కావచ్చు. అరసవల్లి గుడిలో రథసప్తమి నాడు ఇద్దరూ ఒకే వరసలో నిలబడొచ్చు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఒకే అరుగు మీద ఎదురుపడొచ్చు. పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో ఆమె అత్తగారు కూర్చుని 'మా కోడలు మీ దగ్గరికొస్తందట, ఏటంటది?' అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో, మొహం ఎలా పెట్టుకోవాలో ఏ కోర్సులోనూ నేర్పరు. 'నా దగ్గరికి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది నేను ఎవరికీ చెప్పను, పిన్నీ' అనే ఒక్క వాక్యం ముందే తయారుగా ఉండాలి. ఆ వాక్యం అన్నందుకు చుట్టాల్లో పొగరుబోతు అన్న పేరు వస్తుంది. ఆ పేరు మోయడానికి అదే బరువు మోస్తున్న ఇంకొకరు కావాలి.

చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. 2005 గృహహింస నిరోధక చట్టం సెక్షన్ 14 కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కి పంపవచ్చు. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి, ఇరుపక్షాల్లో ఎవరికైనా బంధువైనవాళ్లు కౌన్సెలర్‌గా ఉండకూడదు, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. రెండోది ఇంకా గట్టిది: తాను కొట్టినదానికి భర్త కౌన్సెలింగ్‌లో సాకు చెప్పుకోవడానికి వీల్లేదు, కౌన్సెలింగ్ మొదలుపెట్టకముందే ఆ సంగతి అతనికి తెలియజేయాలి. 'ఆమె ఎదురు మాట్లాడింది కాబట్టి', 'కోపంలో చేయి జారింది' అన్న మాటలకు అక్కడ చోటు లేదు. ఈ నిబంధన జిల్లాలో ఎంతమంది పెద్దమనుషులకు తెలుసు? తెలిసిన కౌన్సెలర్ ఒక్కరే ఉంటే, ఎదురుగా పదిమంది పెద్దలుంటే, నిబంధన గొంతులోనే ఆగిపోతుంది.

కాబట్టి నెట్‌వర్క్ అంటే సర్టిఫికెట్లు, ఫొటోలు అనుకోకూడదు. దాని గుండెకాయ నెలకోసారి జరిగే కేసుల చర్చ. నలుగురైదుగురు థెరపిస్టులు తలుపు వేసుకుని కూర్చుంటారు. ఒకరు తన దగ్గర ఇరుక్కుపోయిన ఒక కేసు చెబుతారు. పేరు చెప్పరు. చిన్న జిల్లాలో పేరు దాస్తే చాలదు. 'కవిటి మండలం, భర్త చెన్నై హార్బర్‌లో పని, ఇద్దరూ ఆడపిల్లలు, పెద్దది నర్సింగ్' అంటే చాలు, వినేవాళ్లలో ఒకరికి ఆ ఇల్లు కళ్లముందు కనబడుతుంది. అందుకని ఊరు, పిల్లల సంఖ్య, భర్త పనిచేసే చోటు మార్చి చెప్పాలి. మారిస్తే అర్థం చెడిపోయేది మాత్రమే ఉంచాలి. అప్పటికీ ఎవరికైనా మనిషి తెలిసిపోతే, మర్యాదగా లేచి బయటికి వెళ్లి కూర్చోవాలి.

చెప్పడం అయ్యాక మిగతావాళ్లు సలహాలతో మీద పడకూడదు. ముందు ప్రశ్నలు. ఆమె నీ దగ్గరికి వచ్చినట్టు ఇంట్లో ఎవరికి తెలుసు? ఆమె చెప్పింది విన్నప్పుడు నీకేమనిపించింది? ఆమె కులం, నీ కులం ఒకటేనా, కాకపోతే ఆమె నీ ముందు ఏం దాస్తోంది? ఈ ఆఖరి ప్రశ్న చాలాసార్లు గదిలో నిశ్శబ్దం తెస్తుంది. తేవాలి కూడా. ఒకామె రెండు వారాలుగా రావడం మానేస్తే, బస్సు చార్జీ లేకా, భయమేసా, లేక గత వారం 'పోలీసులకి చెప్పొచ్చు కదా' అని తొందరపెట్టామా? తన తప్పు తనకి కనబడదు. పక్కనున్న మనిషి మెత్తగా చూపిస్తేనే కనబడుతుంది. రోజుకి నాలుగు హింస కథలు విని ఇంటికెళ్లి నిద్రపట్టని థెరపిస్టుకి ఆ బరువు దింపుకునే చోటు కూడా అదే.

చట్టం దగ్గర ఈ తోడు ఇంకా అవసరం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 23 గోప్యతను హక్కుగా ఇచ్చింది. కానీ పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే తెలియజేయడం తప్పనిసరి. రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే 2019–21 సర్వే చెబుతోంది. పదిహేడేళ్ల గర్భవతి 'ఎవరికీ చెప్పకండి అప్పా (అక్కా)' అని చెయ్యి పట్టుకుంటే థెరపిస్టు ఒంటరిగా ఏం చేయాలి? ఆ పిల్ల నోరు విప్పకముందే, గోప్యతకు ఉన్న హద్దు ఏమిటో మెత్తగా చెప్పి ఉండాలి. నెట్‌వర్క్‌లో ఒక లాయరు, జిల్లా రక్షణాధికారితో మాట్లాడగలిగిన ఒక మనిషి, హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం నడిపే సఖి వన్ స్టాప్ సెంటర్‌లో ఉన్న కౌన్సెలర్, ప్రభుత్వాసుపత్రిలో నమ్మకమైన సైకియాట్రిస్టు ఉంటే ఆ రోజు మధ్యాహ్నమే ఫోన్ చేసి అడగొచ్చు.

అర్హతల సంగతీ ఇక్కడ ముడిపడుతుంది. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. మిగతా సైకాలజిస్టులు, కౌన్సెలర్లను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చి నిలదొక్కుకునేదాకా, ఎవరి దగ్గరికి పంపితే నమ్మకమో, ఎవరి దగ్గరికి పంపకూడదో చెప్పగలిగేది తోటివాళ్ల తెలివిడే.

భాష దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెలుగులో ఎదుటి మనిషిని పిలిచే పిలుపులోనే అధికారం ఉంటుంది. వచ్చిన స్త్రీ 'మేడమ్, మీరు' అంటుంది. చాలాచోట్ల అటునుంచి వచ్చేది 'నువ్వు, ఏమ్మా'. నలభై ఏళ్ల కూలి మనిషిని పాతికేళ్ల థెరపిస్టు 'నువ్వు' అంటే, సమానత్వం గురించి ఆ తర్వాత ఎన్ని మాటలు చెప్పినా వృథా. ఇక్కడ అక్కని 'అప్ప' అంటారు. ఆ పిలుపు వచ్చిన రోజు కొంత గోడ కూలినట్టు. కానీ అప్ప అయ్యాక చుట్టరికం బాధ్యతలూ వస్తాయి, అప్పు అడగడం, పెళ్లికి పిలవడం. ఎక్కడ ఒప్పుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది కూడా నెలవారీ చర్చలో తేల్చుకోవాల్సిందే. అలాగే 'బెంగ', 'దిగులు', 'మనేద' ఒకటి కాదు. బెంగకి దూరమైన మనిషి ఉంటాడు. మనేద లోపల్లోపలే తొలుస్తుంది. 'అమ్మవారు పూనింది' అన్నదాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే, ఆమెకి ఇంట్లో గొంతెత్తే అవకాశం దొరికిన ఒక్క సందర్భాన్నీ మనమే కొట్టిపారేసినట్టవుతుంది.

బెంగ అంటే ఈ తీరానికి బాగా తెలుసు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన ఈ జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఏడాది పైన భార్యలు ఒంటరిగా పిల్లల్ని సాకారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పడ్డ భర్తను డయాలసిస్‌కి తిప్పే ఆడవాళ్ల సంగతీ ఇలాంటిదే. రోగి పేరు మీద ఫైలు ఉంటుంది. అతన్ని తిప్పి తిప్పి అలిసిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. స్త్రీవాద థెరపీ నెట్‌వర్క్ హింస కేసులకే పరిమితమైతే వీళ్లు దాని కంటికి కనబడరు.

నగరాల్లో ఉన్న నెట్‌వర్కుల్ని యథాతథంగా తెచ్చుకుంటే కుదరదు. వాటిల్లో చర్చ ఇంగ్లీషులో సాగుతుంది, శిక్షణ ఫీజు చిన్న ఊరి కౌన్సెలర్ నెల జీతంలో పెద్ద ముక్క, పైగా ఎక్కువమంది పైకులాల నుంచి వచ్చినవాళ్లు. ఈ లోటు చూసే దళిత బహుజనుల మానసిక ఆరోగ్యం కోసం బ్లూ డాన్ లాంటి బృందం పుట్టింది. ఇటు సీతంపేట కొండల్లో సవర స్త్రీకి తెలుగే రెండో భాష, ఇచ్ఛాపురం వైపు ఒడియా. అంటే ఈ నెట్‌వర్క్‌కి డిగ్రీ ఉన్న థెరపిస్టులే కాదు, ఆ భాష మాట్లాడే ఆశా కార్యకర్త కూడా కావాలి, సహాయకురాలిగా కాక సమానంగా.

సంఘం కట్టుకోవడం ఈ జిల్లాలకు కొత్తకాదు. 2000లో పేదరిక నిర్మూలన కోసం వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. డ్వాక్రా సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య ఎలా నడుస్తాయో ఆడవాళ్లకి బాగా తెలుసు. వంతులవారీ నాయకత్వం, అందరి ముందు లెక్క చెప్పడం అక్కడ నేర్చుకోవాల్సినవే. ఒక్కటి మాత్రం అక్కడినుంచి తీసుకోకూడదు. డ్వాక్రా సంఘంలో ఎవరి అప్పు ఎంతో అందరికీ తెలియాలి, దాని బలం అదే. థెరపిస్టుల సంఘంలో ఎవరి బాధ ఏమిటో బయటికి పొక్కకూడదు.

మొదలుపెట్టడానికి ఐదుగురు చాలు. విశాఖ దాకా పోనక్కర్లేదు. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో అటువాళ్లు, విజయనగరంలో ఇటువాళ్లు రైలెక్కితే మధ్యలో చీపురుపల్లి. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. మొదటిసారి కేసులేవీ ముట్టుకోకుండా, ఒక కాగితం తీసుకుని రాసుకోవాలి: ఎవరికి ఎవరు చుట్టం, ఎవరి భర్త ఏ ఆఫీసులో, ఎవరి పిల్లలు ఏ స్కూల్లో, ఎవరి పుట్టిల్లు ఏ ఊరు. ఏ స్త్రీని ఎవరి దగ్గరికి పంపకూడదో ఆ కాగితమే చెబుతుంది.